లెక్కలోకి రాని మొదటి వరుస

మా ఆయన లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులున్నారు. గడియారంలో సెకన్ల ముల్లు టిక్కు టిక్కుమని గెంతుతూ పోయినా సర్దుకుపోయేవాళ్లు ఒక రకం. ముల్లు అన్నాక నూనె మీద జారినట్టు కుదుపు లేకుండా సాగాలనేవాళ్లు రెండో రకం. నాకు తెలిసి రెండో రకంలో ఇప్పటిదాకా ఆయన ఒక్కరే ఉన్నారు. ఆ పిచ్చి చూసే వీధిలోవాళ్లు ఆయనకు ముల్లు మాస్టారని పేరు పెట్టారు. వాళ్లు వెక్కిరింపుగా పెట్టినా ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నారు.

ఆయన సంగతి నేనే చెప్పాలి. ఆయన్ని చెప్పమంటే "ఏముంది, పొద్దున్న కొట్టు తెరిచాను, సాయంత్రం మూశాను" అని ఊరుకుంటారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. పైగా కోపం ముక్కు మీదే ఉంటుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను.

పద్నాలుగో ఏట మేనమామ గడియారాల కొట్టులో స్టూలు ఎక్కారట. బల్ల అందక స్టూలు కింద రెండు ఇటుకలు పెట్టుకున్నారట. పాతికేళ్లు కంటికి భూతద్దం బిగించుకుని అక్కడే గడిపారు. ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. జేబులో టైము పెట్టుకున్నవాడు చేతికి గడియారం ఎందుకు కట్టుకుంటాడు? ఆరు నెలలు కొట్టులోకి ఈగలు తప్ప ఎవరూ రాలేదు. అప్పుడు ఒకాయన పాడైపోయిన లాప్‌టాప్ పట్టుకుని, పక్క కొట్టు అనుకుని మా కొట్టులో అడుగుపెట్టాడు. "అది పక్కనండీ" అనాల్సింది పోయి మా ఆయన "ఇలా పెట్టండి, చూద్దాం" అన్నారు. తిరగేసి చూస్తే అడుగున మరలన్నీ గడియారం మరలంత చిన్నవి. ఆయన స్క్రూడ్రైవర్లు అచ్చంగా సరిపోయాయి. లోపల ఫ్యాన్‌కి చుట్టుకున్న దుమ్ము ఉండను పట్టకారుతో లాగి పారేస్తే ఆ మిషను బతికింది. అంతే, నలభయ్యో ఏట మళ్లీ చదువు మొదలుపెట్టారు.

లాప్‌టాప్‌లు చేతికొచ్చినా ముల్లు పిచ్చి వదల్లేదు. కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒకావిడ గోడ గడియారం బాగుచేసిపెట్టి, బదులుగా మూడు నెలలు ఆవిడ దగ్గర ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. నేర్చుకుని ఏం రాశారు? గడియారం! తెర మీద కుడివైపు పైమూలన, అప్పచ్చంత తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, ఎర్రటి సెకన్ల ముల్లు. ఆ ముల్లు నిజంగానే జారుతుంది. ఎంత చూసినా ఎక్కడా కుదుపు కనపడదు. అప్పట్నుంచి చేతికొచ్చిన ప్రతి లాప్‌టాప్‌లోనూ ఆ గడియారం ఉచితంగా పెట్టి పంపడం అలవాటైపోయింది. "బాగుచేసినవాడి సంతకం ఉండాలే" అనేవారు. అలా రెండు వందల పద్నాలుగు మిషన్లలో సంతకం చేశారు. కాకిపిల్ల కాకికి ముద్దు, నేనేమంటాను?

ఇక నా ఉద్యోగం. చెవులు వినపడనివాళ్ల పక్కన కూర్చుని, ఎదుటివాళ్లు మాట్లాడింది మాట్లాడినట్టు టైపు చేసి తెర మీద చూపిస్తాను. ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో, క్లాసుల్లో. నాకు ఒకటే నియమం, ఏదీ వదలకూడదు. ఎదుటివాడు తుమ్మితే "తుమ్మాడు" అని టైపు చేస్తాను. వినేవాళ్లకు అన్నీ వినపడుతున్నప్పుడు చదివేవాళ్లకు మాత్రం ఏరి పెట్టడానికి నేనెవర్ని? ఈ నియమం నేర్పింది మా ఆడపడుచు.

ఆవిడకు ఏడేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట మిగిలింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి, ఇంట్లో "వదినా, టీ" అంటే వీధి చివర ఉన్నవాళ్లు కూడా టీ తాగుతారా అని చూస్తారు. మా పెదాలు చదివేస్తుంది. కొత్తవాళ్లవి కష్టం. మీసాలవాళ్లవైతే ఆశ వదులుకోవాల్సిందే. మిషన్ షాపులో, ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మీద పదకొండేళ్లుగా పనిచేస్తోంది. అందరూ మిషను చప్పుడు విని జబ్బు చెబితే, ఈవిడ అరచెయ్యి ఆనించి చెబుతుంది. బేరింగు అరిగిందా, బెల్టు వదులైందా, నూనె తక్కువైందా, అన్నీ ఆ అరచేతికి తెలుస్తాయి. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ముగ్గురు ఫోర్‌మన్లయ్యారు. ఈవిడ మాత్రం అక్కడే ఉంది. ఎందుకంటే ఫోర్‌మన్ కావాలంటే పరీక్ష రాయాలి, ఆ పరీక్షలో అడిగేవన్నీ నోటితో అడుగుతారు.

పరీక్ష మూడు గంటలు. షాపంతా తిరుగుతూ ఒక్కో మిషను దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తారు. కూర్చునేది లేదు, ప్లగ్గు పెట్టుకునేది లేదు. నేను పెదవి కదపకూడదు, ఏదైనా తెర మీదే చూపించాలి. మా ఆయన ఒక చెక్కపలకకు పట్టీ బిగించి ఇస్తే, దాన్ని మెడకు తగిలించుకుని, దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని, నడుస్తూ టైపు చేశాను. మొదటిసారి వెళ్లినప్పుడు గంటా పది నిమిషాలకు, మూడో మిషను దగ్గర, ప్రశ్న మధ్యలో తెర నల్లబడిపోయింది. పరీక్షాధికారికి ముక్కు కింద చీపురంత మీసం. మా ఆడపడుచు ఆ మీసం వైపు ఎంతసేపు చూసినా ఒక్క మాట దొరకలేదు. ఆయన కాగితం మీద "జవాబు చెప్పలేదు" అని రాసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆవిడకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇంటికొచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

దయతలచి ఇంకో అవకాశం ఇచ్చారు. అదీ పోతే మళ్లీ మూడేళ్లకే అన్నారు. మా ఆయన కొత్త బ్యాటరీ వేశారు. "ఇక ఢోకా లేదు" అని చేతులు దులుపుకున్నారు. పరీక్షల ఆఫీసువాళ్లేమో, టైపు చేసేది వదినే కాబట్టి మిషన్లో జవాబులేవీ దాచిపెట్టలేదని రుజువు కావాలన్నారు. సోమవారం పొద్దున్న లాప్‌టాప్ తీసుకెళితే అంతా గాలించి, దాని నంబరు రాసుకుని, అడుగున మరల మీద సీలు కాగితం అంటించారు. గురువారం పరీక్షకు ఇదే మిషను రావాలి, సీలు చిరిగితే లోపలికి రానివ్వం అన్నారు.

సోమవారం మధ్యాహ్నం ఇంట్లో ప్లగ్గు తీసి పెట్టి చూశాను. గంటా ఇరవై నిమిషాలకు ఆరిపోయింది.

"ఏమండీ!" అని నేను అరిచిన అరుపుకు ఆయన చేతిలో పట్టకారు కింద పడింది. "కొత్త బ్యాటరీ అన్నారు, ఢోకా లేదన్నారు! ఒక్కసారి పెట్టి చూశారా సీలు వేయించేముందు?"

ఆయన వంగి పట్టకారు వెతుక్కున్నారు. "కొత్తదే కదే, చూసేదేముంటుందనుకున్నాను."

"చూసేదేముందా? కొత్త చెప్పులు కొన్నా రెండడుగులు నడిచి చూసుకుంటారు కదండీ మనుషులు!"

మా ఆడపడుచు మా ఇద్దరి పెదాలూ చూస్తోంది. లాప్‌టాప్ మళ్లీ చార్జింగ్ పెట్టి, అరగంట తర్వాత ప్లగ్గు తీసి, బల్ల మీద ఊరికే వదిలేసింది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కాసేపాగి అడుగున అరచెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుంది. అలా ఆవిడ కళ్లు మూసుకుందంటే మేమెవరం మాట్లాడం.

"అన్నయ్యా," అంది వీధంతా వినపడేట్టు, "ఇది నిద్రపోవట్లేదు."

"అంటే?"

"పని లేనప్పుడు చల్లబడాలి. మా లేతు కూడా ఆపితే చల్లబడుతుంది. దీనికి పనేం లేదు, అయినా వెచ్చగా ఉంది. లోపల ఎవరో లేపుతున్నారు."

ఆ మాటతో మా ఆయన కుర్చీలోంచి లేచారు. మొహంలో రంగు మారిపోయింది. "ఔనే! ప్రాసెసరు! అది పని ఉన్నప్పుడు లేస్తుంది, లేనప్పుడు కునుకు తీస్తుంది. సెకనులో వందోవంతు ఖాళీ దొరికినా కునుకే. ఆ కునుకులోనే కరెంటు మిగిలేది. మాటిమాటికీ లేపితే..."

"పడుకున్నవాణ్ణి నిద్రపట్టిందా అని తట్టి అడిగితే ఎలా పడుతుంది?" అన్నాను.

"అదీ! అచ్చంగా అదీ!" అన్నారు ఆయన. ఆయన అంత సంబరంగా నా మాట ఒప్పుకోవడం పెళ్లయ్యాక అదే మొదటిసారి.

మంగళవారం పొద్దున్నే ముగ్గురం కొట్టులో బైఠాయించాం. తలుపు మీద ఈరోజు సెలవు అని అట్ట తగిలించాం. ప్రాసెసర్ని ఎవరు సెకనుకు ఎన్నిసార్లు లేపుతున్నారో పేరుపేరునా చూపించే ప్రోగ్రాం ఒకటి ఉందట, దాన్ని తెరిచారు. పైన మొత్తం అంకె, కింద వరుసలు. మొత్తం చూసి నేను నోరు తెరిచాను. సెకనుకు తొమ్మిది వందల ముప్పై సార్లు!

"తొమ్మిది వందల ముప్పై! పాపం, దాని ప్రాణం తోడేస్తున్నారు కదండీ!"

"ఉండు ఉండు, దొంగలు ఒక్కొక్కడే దొరుకుతారు. కాగితం తీసుకో. నేను చదువుతాను, నువ్వు రాసుకో." వేలు తెర మీద పెట్టి చదవడం మొదలుపెట్టారు. "ఈ మెయిలు పేజీ, నూట నలభై. ఇదేంటి, ప్రింటరు, నూట ఇరవై. నీకు ప్రింటరు ఉందా?"

"ఎప్పుడో రెండేళ్ల క్రితం ఆఫీసులో ఒకసారి కలిపారు."

"రెండేళ్ల నుంచీ సెకనుకు నూట ఇరవై సార్లు ఆ ప్రింటరు వచ్చిందా వచ్చిందా అని వాకిట్లోకి చూస్తోందే ఇది!" అని తొడ చరుచుకున్నారు. "తీర్థానికి వెళ్లినవాడైనా రెండేళ్లకు వస్తాడు! తర్వాత, వైర్లేని మౌసు కోసం వెతుకులాట, తొంభై. నీకు వైర్లేని మౌసు ఉందా?"

"లేదు."

"లేనిదాని కోసం తొంభై!"

ఒక్కొక్కటే పీకడం మొదలైంది. మౌసు వెతుకులాట ఆపారు. తొమ్మిది వందల ముప్పై కాస్తా ఎనిమిది వందల నలభై అయింది. మెయిలు పేజీ మూశారు, ఏడు వందలు. ప్రింటరు ప్రోగ్రాం మొత్తం పెకలించి పారేశారు, అయిదు వందల ఎనభై! అంకె తగ్గినప్పుడల్లా నేను చప్పట్లు కొట్టాను. మా ఆడపడుచు బల్ల గుద్దింది. పక్క కొట్టు టైలరు తలుపు సందులోంచి చూసి, "ఏంటమ్మా, క్రికెట్టా?" అని అడిగాడు. "అంతకన్నా పెద్దదండీ!" అన్నాను.

ప్లగ్గు తీసి చూస్తే ఇంకెంతసేపు వస్తుందో తెర చూపిస్తోంది. గంటా యాభై ఎనిమిది నిమిషాలు. నిన్నటితో పోలిస్తే చాలా నయం. కానీ మాకు కావలసింది మూడు గంటలు. మా ఆయన తెర వెలుతురు తగ్గించారు, అది తగ్గించారు, ఇది తగ్గించారు. అన్నీ కలిపితే ఇంకో అయిదు నిమిషాలొచ్చాయి. సంబరం మెల్లగా చప్పబడింది. మధ్యాహ్నం భోజనాల వేళకు ముగ్గురం చేతులు ముడుచుకుని కూర్చున్నాం.

"ఇంకేమీ లేవే," అన్నారు మా ఆయన. "మిగిలినవన్నీ మిషను బతకడానికి ఉండాల్సినవే. అన్నీ కలిపినా ఎనభై."

నా చేతిలో కాగితం ఉంది. ఇంత కోపిష్టిదాన్నే అయినా లెక్కల్లో నేనెప్పుడూ తప్పలేదు. "ఎనభై ఏంటండీ? పైన మొత్తం అయిదు వందల ఎనభై అని ఉంది. మీరు చదివినవన్నీ కూడితే ఎనభై. మిగతా అయిదు వందలూ ఏవి?"

ఆయన జవాబు చెప్పేలోపు మా ఆడపడుచు లేచి తెర దగ్గరకొచ్చింది. "పొద్దున్నుంచీ చూస్తున్నాను," అంది. "నీ వేలు రెండో వరుస నుంచి మొదలవుతోంది. మొదటి వరుస ఎప్పుడూ చదవలేదు. ఎందుకు?"

"అదా?" అన్నారు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. "అది మన గడియారమేగా."

నేను కాగితం బల్ల మీద పెట్టేశాను.

"మన గడియారమా?" అన్నాను.

"మనదే. అది లెక్కలోకి రాదు. ఇంటికెంతమంది వచ్చారని అడిగితే ఇంట్లోవాళ్లను లెక్కపెడతామా?"

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఆయన దాచలేదు. అబద్ధమాడలేదు. నిజంగానే ఆయన కంటికి అది లెక్క పెట్టాల్సిన వరుసలా కనపడలేదు. గంటకు పది మంది పరాయివాళ్లను పట్టుకోగల మనిషి తన పిల్లవాడి ముందు నుంచి పదిసార్లు నడిచి వెళ్లిపోయారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? నేను లేచి ఆయన కుర్చీ పక్కకు జరిపి ఆ వరుస చదివాను. ముల్లు గడియారం, సెకనుకు అయిదు వందలు.

"అయిదు వందలండీ! అందరికన్నా పెద్ద దొంగ మీవాడే!"

"ముల్లు జారాలి కదే," అన్నారు, గొంతు తగ్గింది. "సెకనుకు ఒకసారి జరిపితే గెంతుతుంది. పది సార్లు జరిపినా కంటికి తెలుస్తుంది. అందుకని అయిదు వందల సార్లు ఎక్కడుందో చూసుకునేట్టు రాశాను. అలా అయితేనే... అయినా ముల్లు జరగడానికి ఎంత కరెంటు కావాలి? ఆవగింజంత."

"ముల్లు జరగడానికి ఆవగింజే అన్నయ్యా," అంది మా ఆడపడుచు. "ఆ ఆవగింజ కోసం ఏనుగును లేపుతున్నావు."

ఆయన మూలనున్న గడియారం మీద నొక్కి ఆపేశారు. ఎర్రముల్లు ఆగి, ముఖం మాయమైపోయింది. పైన అంకె అయిదు వందల ఎనభై నుంచి ఒక్కసారిగా ఎనభైకి పడింది. బ్యాటరీ ఇంకెంతసేపు వస్తుందో చూపించే చోట అంకె కాసేపు తడబడి, రెండు గంటల పది అంది, రెండున్నర అంది, మూడు గంటల ఇరవై దగ్గర నిలబడింది.

"మూడు గంటల ఇరవై!" అని నేను వేసిన కేకకు టైలరు మళ్లీ తలుపు దగ్గరకొచ్చాడు. నేను ఆయన్ని కూడా లోపలికి పిలిచి తెర చూపించాను. ఆయనకేం అర్థమైందో తెలీదు గానీ చప్పట్లు కొట్టాడు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా ఆడపడుచు లాప్‌టాప్ కింద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, "చల్లబడుతోంది వదినా, పడుకుంటోంది!" అని పసిపిల్లను జోకొట్టినట్టు దాన్ని తట్టింది.

ఆ సందట్లో మా ఆయన వైపు చూడడం మర్చిపోయాను. చూసేసరికి ఆయన వెనక గోడకు కొట్టిన చెక్క బీరువాలోకి చూస్తూ నిలబడి ఉన్నారు. అందులో ఆయన రిజిస్టరు ఉంటుంది. ఎవరి మిషను ఎప్పుడు బాగుచేశారో, ఎవరి దాంట్లో గడియారం పెట్టారో రాసుకునే పుస్తకం.

"రెండు వందల పద్నాలుగు మందికే," అన్నారు. "నేనే పెట్టి పంపాను. బ్యాటరీ నిలవట్లేదని ఎంతమంది మళ్లీ వచ్చారో! అందరికీ బ్యాటరీలే మార్చాను. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం. మొదటిసారి పరీక్షలో తెర ఆరిపోయింది కూడా నా వల్లే."

పొద్దున్న అయితే నేను దులిపేసేదాన్నే. కానీ ఆయన మొహం చూశాక నా కోపం ఎటో పోయింది. గట్టిగా తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. ఆయనే ఆ ప్రోగ్రామును చెరిపేయడానికి కూర్చున్నారు.

మా ఆడపడుచు చప్పున ఆయన చెయ్యి పట్టుకుంది. "తీసెయ్యకు."

"తీసెయ్యకపోతే ఎలాగే? నీ పరీక్ష..."

"గెంతనివ్వు. సెకనుకు ఒకసారి. అంతే."

"గెంతే ముల్లా? నా గడియారంలోనా?" ఆ బాధలోనూ ఆయన గొంతులో అసహ్యం దాగలేదు.

"అన్నయ్యా, నీకు గుర్తుందా? నాకు చెవులు పోయిన కొత్తలో రాత్రిళ్లు పడుకునేదాన్ని కాదు. నువ్వు మామయ్య కొట్టు నుంచి ఒక జేబు గడియారం తెచ్చి నా గుప్పిట్లో పెట్టావు. టిక్కు, టిక్కు, టిక్కు అని అరచేతికి తగిలేది. లోకం ఇంకా ఉంది, నడుస్తోంది అని తెలిసేది. అప్పుడు పడుకునేదాన్ని. చేతితో చూడటం నేను నేర్చుకుంది దానితోనే." తెర మూలన వేలు పెట్టి అంది, "జారే ముల్లు నీకోసం. గెంతే ముల్లు నాకోసం. పరీక్షలో నా ముందు అది గెంతుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారు. భూతద్దం కంటికి బిగించుకున్నారు. లాప్‌టాప్ తెర చూడటానికి భూతద్దం ఎందుకో నేను అడగలేదు. ఒక్క వరుసలో అయిదు వందలు తీసి ఒకటి పెట్టారు. మూలన గడియారం మళ్లీ వచ్చింది. ఎర్రముల్లు గెంతింది, ఆగింది, గెంతింది. మొత్తం ఎనభై ఒకటి అని చూపించింది.

"దరిద్రంగా ఉంది," అన్నారు ఆయన.

"బంగారంలా ఉంది," అంది ఆవిడ.

గురువారం సీలు చెక్కుచెదరలేదని చూసి లోపలికి పంపారు. పలక మెడకు తగిలించుకున్నాను. వెనకాల పరీక్షల ఆఫీసు గుమాస్తా, నేను వాళ్లన్నది కాక ఇంకేమైనా టైపు చేస్తానేమోనని తెర చదువుతూ నడిచాడు. ముందు మీసాలాయన. "అమ్మా, ఈసారి అది వెలుగుతుందా?" అన్నారు. అది కూడా టైపు చేశాను. మా ఆడపడుచు చదివి, షాపంతా దద్దరిల్లేట్టు, "వెలుగుతుందండీ!" అంది. ఇద్దరు పనివాళ్లు మిషను మీంచి తలలెత్తారు.

గంటా పది నిమిషాలు దాటాం. పోయినసారి ఆరిపోయిన మూడో మిషను దగ్గరకొచ్చాం. తెర వెలుగుతూనే ఉంది. ఆవిడ తెర చదివి, జవాబు చెప్పి, మూలన ముల్లు వైపొకసారి చూసి, ముందుకు నడిచింది. రెండు గంటలయింది. రెండున్నరయింది. నా మెడ పీకుతోంది, బ్యాటరీ పాతిక శాతం ఉంది. ఆఖరి మిషను ఒక పాత లేతు. ఆన్ చేసి, మీసాలాయన అడిగారు, "దీని జబ్బేంటి?" నేను టైపు చేశాను. నా చెవికి ఆ మిషను చప్పుడు అన్ని మిషన్ల చప్పుడులాగే ఉంది. ఆవిడ అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది.

"ముందు బేరింగు బాగానే ఉందండీ, వెనకది అరిగింది," అంది. "నూనె పోసి సరిపెడుతున్నారు. ఇంకో నెల కూడా నడవదు."

ఆయన ఆ షాపు ఫోర్‌మన్ వైపు చూశారు. ఫోర్‌మన్ నేల చూపులు చూశాడు. మీసాలాయన నవ్వినట్టున్నారు, మీసం రెండు వైపులా కదిలింది. "నవ్వారు" అని టైపు చేశాను. అప్పటికి బ్యాటరీ పదకొండు శాతం మిగిలి ఉంది.

గేటు బయట మా ఆయన పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారు. మమ్మల్ని చూడగానే పరిగెత్తుకొచ్చి, "ఎంత మిగిలింది?" అన్నారు.

"ముందు మీ చెల్లెలి సంగతి అడగండి మహానుభావా!"

అడగక్కర్లేకపోయింది. ఆవిడ గేటు దగ్గర నుంచే, "అన్నయ్యా! పాసయ్యాను! నేను ఫోర్‌మన్ని!" అని అరిచింది. రోడ్డుకు అటువైపు సైకిలు మీద పోతున్నాయన ఆగి మరీ చూశాడు. మా ఆయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. నేను పలక మెడకు వేలాడుతుండగానే ఇద్దర్నీ కౌగలించుకున్నాను. సీలు నలిగిపోయింది. ఇక దాంతో పనేముంది?

శుక్రవారం పొద్దున్న కొట్టులో రిజిస్టరు తెరిచి మా ఆయన మొదటి పేరుకు ఫోను చేశారు. మా ఆడపడుచు పక్కన కుర్చీ వేసుకుంది. "ఏమంటారో నాకూ తెలియాలి" అంది. ఫోను స్పీకర్లో పెట్టి, నేను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేయడం మొదలుపెట్టాను.

"అయ్యా, నేను ముల్లు మాస్టార్ని. మీ లాప్‌టాప్ బ్యాటరీ తొందరగా అయిపోతోందా?"

"ఔను మాస్టారూ, రెండేళ్ల నుంచీ. ఏం?"

"అది మీ బ్యాటరీ తప్పు కాదండీ. నేను పెట్టిన గడియారం తప్పు. ఒకసారి తీసుకొస్తే సరిచేసిస్తాను."

అవతల ఆయన మొదలుపెట్టాడు. రెండేళ్లుగా తనెంత ఇబ్బంది పడ్డాడో, బస్సులో ఒకసారి, ఆఫీసులో ఒకసారి, కూతురి క్లాసు మధ్యలో ఒకసారి ఎలా ఆరిపోయిందో చెప్పాడు. చెబుతూ చెబుతూ, "నమ్మి మీ చేతికిస్తే నట్టేట ముంచారు కదండీ" అని ఒక మాట అన్నాడు. రాసేటప్పుడు నా వేళ్లు ఆగిపోయాయి. మా ఆయన తల వంచుకున్నారు.

మా ఆడపడుచు తెర నుంచి కళ్లు ఎత్తి నా మొహం చూసింది.

"వదినా, ఆపకు," అంది, ఈసారి మెల్లగా. ఆవిడ అంత మెల్లగా మాట్లాడగలదని నాకిన్నాళ్లూ తెలీదు. "ఆయన ఏమన్నాడో అంతా టైపు చెయ్యి. అన్నయ్య ఏమంటాడో కూడా."

నేను టైపు చేశాను, ఆ మాటతో సహా. తర్వాత మా ఆయన అన్న మాట కూడా టైపు చేశాను. తెర మూలన ఎర్రముల్లు గెంతుతూనే ఉంది. ఆవిడ చదివి, రిజిస్టరు తన వైపుకు లాక్కుని, మొదటి వరుస మీద టిక్కు పెట్టింది.

తెర మీద ఆఖరున మా ఆయన మాట అలాగే ఉంది, "తప్పు నాదేనండీ."